స్టేషన్‌లో పట్టించుకోవట్లేదు, కోర్టు నుంచి స్టే ఆర్డర్ ఎలా?

గుంటూరు తమ్ముడు:
పొద్దున్నుంచి తిరుగుతున్నామండీ. ఒక స్టేషన్‌లో “మా పరిధి కాదు, బెజవాడ పోండి” అన్నారు. ఇంకోచోట “498ఏ వేధింపుల కేసు పెడతారా, రాజీ పడతారా తేల్చుకోండి” అన్నారు. మాకు రెండూ వద్దు. వాడు మా అక్క జోలికి రాకూడదు, ఫోన్ చెయ్యకూడదు, అంతే. స్టే ఆర్డర్ ఫారం ఎక్కడ దొరుకుతుంది? నెట్‌లో వెతికి వెతికి బుర్ర వేడెక్కింది. త్వరగా చెప్పండి ప్లీజ్.

కోర్టు పక్షి:
మీకు కావాల్సింది స్టే కాదు, రక్షణ ఉత్తర్వు. గృహహింస చట్టం 2005, సెక్షన్ 12. మేజిస్ట్రేట్ కోర్టు.

విశ్రాంత ఉద్యోగి:
498ఏ ఇంకా ఎక్కడుంది నాయనా? 2024 జులై 1 నుంచి ఐపీసీయే లేదు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 85. పైగా పరిధి కాదని పంపెయ్యడమేంటి? జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి వాళ్లే అవతలి స్టేషన్‌కి పంపాలి. స్టేషన్లలోనే పాత నంబర్లు వల్లిస్తుంటే జనానికి ఎవరు చెబుతారు?

గుంటూరు తమ్ముడు:
ఏ నంబరైతే ఏంటి బాబాయ్ గారూ, అసలు ఆ కేసే వద్దంటున్నా కదా.

కృష్ణలంక పద్మ:
తమ్ముడూ, వాడంటే ఎవరు, భర్తా? అక్క ఇప్పుడు ఎక్కడుంది?

గుంటూరు తమ్ముడు:
భర్తే, ఇంకెవరు! కాపురం విజయవాడలో. కొట్టిన రాత్రే మా అమ్మ దగ్గరికి గుంటూరు వచ్చేసింది. ఇక్కడే ఉంటోంది.

కృష్ణలంక పద్మ:
ఇది కదా ముందు చెప్పాల్సింది! తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వెయ్యొచ్చు, సెక్షన్ 27. గుంటూరులోనే డీవీసీ, అంటే గృహహింస కేసు వేయండి. మా చెల్లి విషయంలో మేం పడ్డ తిప్పల వల్ల చెబుతున్నా, దరఖాస్తుతో పాటే, కేసు తేలేదాకా పనిచేసే మధ్యంతర ఉత్తర్వు అడగండి. సెక్షన్ 23 కింద అఫిడవిట్ చూసి, అవతలి వాళ్లు రాకముందే ఇవ్వొచ్చు. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో దరఖాస్తు తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది గానీ, వాయిదాల సంగతి తెలిసిందేగా. అఫిడవిట్‌లో “తరచూ వేధించేవాడు” అని రాస్తే సరిపోదు. ఏ తేదీన, దేనితో కొట్టాడు, ఎవరు చూశారు, అన్నీ రావాలి. ఆసుపత్రికి వెళ్తే ఆ ఓపీ చీటీ జతచెయ్యండి. వాడి వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఒక్కటీ డిలీట్ చెయ్యొద్దు. లాయరుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆడవాళ్లకి ఆదాయ పరిమితి లేదు. ఈలోగా ఇంటి మీదకొస్తే 112.

విశ్రాంత ఉద్యోగి:
ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి రిపోర్టు లేకుండా కోర్టు దరఖాస్తు తీసుకోదమ్మా.

కోర్టు పక్షి:
తీసుకుంటుంది. సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. ఉంటే మంచిది, తప్పనిసరి కాదు.

తెనాలి మామయ్య:
ఇవన్నీ ఎందుకు, సివిల్ కోర్టులో ఓఎస్ (దావా) వేసి, జోలికి రావద్దని ఇంజంక్షన్ తెచ్చుకుంటే పోలా? అసలు ముందు పెద్దల్లో కూర్చోబెట్టారా?

కోర్టు పక్షి:
ఇంజంక్షన్ దాటితే మళ్లీ మీరే పిటిషన్ వేసుకోవాలి. రక్షణ ఉత్తర్వు దాటితే నేరం. ఏడాది దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. నాన్‌బెయిలబుల్.

కృష్ణలంక పద్మ:
పెద్దల్లో కూర్చోబెడితే ఏమవుతుందో మాకు తెలుసులెండి. “సర్దుకుపోమ్మా” అని కాఫీ తాగి వెళ్తారు.

తెనాలి మామయ్య:
అందరూ అలా ఉండరమ్మా. మా ఊళ్లో రెండు కాపురాలు నిలబెట్టాం.

గుంటూరు తమ్ముడు:
అన్నట్టు, అక్క బంగారం మొత్తం వాళ్లత్త బీరువాలో ఉంది. దానికి వేరే కేసు వెయ్యాలా?

కోర్టు పక్షి:
అక్కర్లేదు. ఇందులోనే అడగొచ్చు, సెక్షన్ 19(8). అత్తనీ పార్టీ చెయ్యండి. 2016 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆడవాళ్ల మీదా వెయ్యొచ్చు.

గుంటూరు తమ్ముడు:
సరేనండీ. రేపు న్యాయసేవ ఆఫీసుకి వెళ్తాం. థాంక్స్.

మంగళగిరి చిన్ని:
విడాకులు అయిపోయాక కూడా ఇది వెయ్యొచ్చా అండీ? మా పిన్ని కూతురి కోసం.

విశ్రాంత ఉద్యోగి:
పెద్దలంటే గుర్తొచ్చింది, మా రోజుల్లో లోక్ అదాలత్‌లో...