మొదటి బుల్లి రైల్వే: 8×4 షీటు మీద గుండ్రంగానా, గోడ పలక మీద షంటింగా?

మిల్లు రోడ్డు, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. ఇంట్లో చిన్న మోడల్ రైల్వే కట్టాలని ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు నాలుగో తరగతి చదువుతున్న మా పాప కూడా వెంటపడుతోంది, దసరా సెలవుల్లో మొదలుపెడదామనుకుంటున్నాం. అద్దె ఇల్లు, దొరికేది పది బై పదకొండు గది, అందులోనే బీరువా, పాప చదువుకునే టేబుల్ ఉన్నాయి. హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) స్టార్టర్ సెట్ చూసి పెట్టుకున్నా. ఒకరేమో 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు తెచ్చి దాని మీద గుండ్రంగా పట్టాలు వేయమంటున్నారు, ఇంకొకరేమో గుండ్రం జోలికే పోవద్దు, గోడ పక్కన సన్నటి పలక పెట్టి షంటింగ్ యార్డు (వ్యాగన్లను విడదీసి, వరస మార్చి కలిపే చోటు) కట్టుకో అంటున్నారు. పెట్టిన డబ్బు వృథా పోవద్దు, పని సగంలో ఆగిపోవద్దు, నా టెన్షన్ అంతే. ఏది మంచిది?

పాలమూరు ప్యాసింజర్

గుండ్రమే అన్నా. చిన్న పిల్ల ఉన్న ఇంట్లో ఇంకో మాట లేదు. రైలు అంటే పోతూ ఉండాలి, చూసేవాళ్లు కూర్చుని చూడాలి. సెట్‌లో వచ్చే పట్టాలు కూడా గుండ్రానికి సరిపోయేవే ఇస్తారు, కొనగానే ఆ సాయంత్రమే బండి నడుస్తుంది. మొదటి రోజే బండి నడవకపోతే పిల్లలకు ఆసక్తి పోతుంది. షంటింగ్ అనేది పెద్దవాళ్ల ఆట, అదీ కొందరికే.

లూప్ లైన్, నల్లగొండ

నేను ఒప్పుకోను. 8×4 గురించి మాట్లాడేటప్పుడు పట్టాలు పడతాయా అని అందరూ అడుగుతారు, చేయి అందుతుందా అని ఎవరూ అడగరు. నిలబడి వంగి పని చేస్తే మన చేయి సరిగ్గా అందేది రెండున్నర అడుగుల వరకే. నాలుగడుగుల బల్లను గోడకు ఆనించారనుకోండి, అవతలి పట్టా మీద బండి పడిపోయినప్పుడల్లా మధ్యలో కట్టిన ఇళ్లనూ చెట్లనూ నలుపుకుంటూ మీద వాలాల్సిందే. అలా కాకుండా చుట్టూ తిరిగే చోటు వదిలితే గది మొత్తం బల్లకే పోతుంది, పాప టేబుల్ వరండాలోకి పోతుంది.

ఇంకో లెక్క చూడండి. 438 ఎంఎం వ్యాసార్ధం ఉన్న వంపులు వేసి ఆ షీటు మీద ఎంత సాగదీసినా ఒక చుట్టు ఐదున్నర మీటర్లకు అటూ ఇటూ వస్తుంది. హెచ్‌ఓ అంటే అసలు సైజులో 87వ వంతు కాబట్టి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఇక్కడ సెకనుకు 19 సెంటీమీటర్లు కదులుతుంది. అంటే అర నిమిషానికోసారి అదే బండి మళ్లీ మీ ముందుకే. ఇక అందులో చేయడానికి ఏముంది? కంట్రోలర్ తిప్పి వదిలేయడమే. మన ఎల్‌హెచ్‌బీ కోచ్ (ఇప్పటి ఎక్స్‌ప్రెస్ బండ్ల పెట్టె) పొడవు 23.5 మీటర్ల పైనే, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. అంత పొడవు కోచ్ ఆ ఇరుకు వంపులో తిరుగుతుంటే మధ్య భాగం లోపలికి, కొసలు బయటికి పొడుచుకొస్తాయి, చూడ్డానికి బాగుండదు.

పలక మీద అయితే ఇంగిల్‌నుక్ అని ఒక పద్ధతి ఉంది, ఇంగ్లండులో ఆలన్ రైట్ రూపొందించింది. రెండే పాయింట్లు (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్లు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు). పెద్ద సైడింగులో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింట్లో మూడేసి. మొత్తం ఎనిమిది వ్యాగన్లు ఉంచి, చీటీలు తీసి, వచ్చిన ఐదింటినీ అదే వరసలో పెద్ద సైడింగులో నిలబెట్టాలి. ఇంజన్ వెనక్కీ ముందుకీ ఆడే పట్టా మాత్రం ఇంజన్‌కూ మూడు వ్యాగన్లకే సరిపోతుంది, కిటుకంతా అక్కడే. ఐదు వ్యాగన్ల వరసలు 6,720 రకాలుగా రావచ్చు. నాలుగో తరగతి పిల్లకు ఇది అర్థం కాదని ఎందుకనుకోవాలి? పజిల్ అంటే ఆ వయసు వాళ్లే మనకన్నా ముందుంటారు. పైగా చోటు ఎంత కావాలో చూడండి. 12 సెంటీమీటర్ల వ్యాగన్లు ఐదింటికి 60, పాయింట్లు రెండింటికి 40, ఇంజన్‌కూ మూడు వ్యాగన్లకూ 55 అనుకుంటే ఐదడుగుల మీద కొంచెం. వెడల్పు అడుగు చాలు. బీరువా పక్కన పడుతుంది.

పాలమూరు ప్యాసింజర్

లెక్క బాగుంది కానీ ఆ ఆట మన రైల్వేది కాదు. ఇప్పుడు మన దగ్గర ఒక్కో వ్యాగన్‌ను విడదీసి పెట్టే షంటింగ్ ఎక్కడుంది? బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని వ్యాగన్ల బొగ్గు రేక్ అంటే యాభైకి పైగా వ్యాగన్లు ఒక్కటిగా వస్తాయి, ఒక్కటిగా పోతాయి. బియ్యం రేక్ కూడా అంతే. ఎనిమిది వ్యాగన్లను చీటీలు తీసి వరస మార్చడం పాత ఇంగ్లండు గూడ్స్ యార్డు కథ. మహబూబ్‌నగర్ స్టేషన్‌లో నిలబడి చూస్తే కనిపించేది మెయిన్ లైన్ మీద దూసుకుపోయే బండి. పాపకు తెలిసిన రైలు అదే.

లూప్ లైన్, నల్లగొండ

ఇది మంచి పాయింట్, జవాబు చెప్పాల్సిందే. రేక్ మొత్తం ఒకటిగా వస్తుంది, నిజమే. కానీ ఫ్యాక్టరీ సైడింగు అంత పొడవు లేనప్పుడు రేక్‌ను ముక్కలు చేసి ఒక్కో లైన్‌లో పెడతారు, నింపాక మళ్లీ కలుపుతారు. మిర్యాలగూడ దాటి గుంటూరు వైపు పోతే కృష్ణ దాటకముందు విష్ణుపురం వస్తుంది, ఆ చుట్టుపక్కలంతా సిమెంట్ ఫ్యాక్టరీలే. అట్లాంటి ఫ్యాక్టరీ లోపలి సైడింగును పలక మీద కడితే షంటింగ్‌కు కారణం దొరుకుతుంది. లేదంటే మీ ఊరి గూడ్స్ షెడ్డే కట్టండి. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు, వెనక గోడ మీద మిల్లు పొగ గొట్టాలు, గోదాము షెడ్డు, ప్లాట్‌ఫాం మీద బస్తాలు. మీ పాప రోజూ స్కూలుకు పోతూ చూసేదే అది.

బస్తాల సంగతి వచ్చింది కాబట్టి చెబుతా. 50 కిలోల బస్తా హెచ్‌ఓలో సెంటీమీటరు పొడవు, అర సెంటీమీటరు పైచిలుకు వెడల్పు. ఎం-సీల్ కలిపి చిన్న ఉండ చేసి, పాత గాజుగుడ్డ ముక్క మీద పెట్టి వేలితో నొక్కితే గోనె నేత అచ్చు పడుతుంది. ఆరకముందే ఒకదాని మీద ఒకటి పేర్చాలి, అప్పుడే కింది బస్తా బరువుకు నలిగినట్టు కుదురుతుంది. తర్వాత లేత గోధుమ రంగు వేసి, నీళ్లలా పలచన చేసిన నల్ల రంగు ఒక పూత తగిలిస్తే చాలు. ఎం-సీల్ ముట్టుకునేటప్పుడు పాపకు గ్లవుజులు వేయండి.

రందా, దేవరకొండ

నాకు రైళ్ల గురించి పెద్దగా తెలియదు, చెక్క పని మా ఇంటి వృత్తి. గుండ్రమైనా పలకైనా మీ ఇష్టం కానీ బల్ల సంగతి ముందు తేల్చుకోండి. ఎండాకాలం పట్టాలు సాగి వంకరపోతాయని భయపెడుతుంటారు. నికెల్ సిల్వర్ పట్టా రెండున్నర మీటర్లు ఉంటే, 25 డిగ్రీల వేడి పెరిగినా సాగేది మిల్లీమీటరు. అతుకుల దగ్గర విజిటింగ్ కార్డు మందం సందు వదిలితే తీరిపోతుంది. అసలు సమస్య వానాకాలం తేమ. 44 డిగ్రీలు దాటే ఎండకు ఎండిన చెక్క జులైలో ఉబ్బుతుంది, పట్టాలను అదే లాగుతుంది. 12 ఎంఎం ప్లై తీసుకోండి, కింద అడుగున్నరకొక బద్దె కొట్టించండి. ప్రైమర్ మాత్రం రెండు వైపులా, అంచులకు కూడా వేయాలి. పైన ఒక్క వైపే వేస్తే కింది నుంచి తేమ పీల్చుకుని బల్ల డొప్పలా వంగుతుంది. 8×4 షీటును వంగకుండా నిలబెట్టడం కష్టం, బరువు కూడా ఎక్కువ. ఇల్లు మారేటప్పుడు మెట్ల మలుపులో తిరగదు. అద్దె ఇల్లు అన్నారు కదా, జర ఆలోచించండి. గోడకు మేకులు కొట్టే పని కూడా లేదు, రెండు స్టాండ్ల మీద పలక పెట్టేయండి.

పన్నెండు ఎంఎం, వనపర్తి

నేను పాత మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం) మనిషిని. సికింద్రాబాద్ నుంచి కర్నూలు వైపు లైన్ మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో మా నాన్నతో ఎక్కిన బండే ఇప్పటికీ కళ్లముందుంది. పాలమూరు తమ్ముడూ, నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లను ఊరి స్టేషన్‌లో విడదీసి పెట్టి పోవడం మన దగ్గరా ఉండేది. దానికి ఇంగ్లండు దాకా పోవక్కర్లేదు.

మిల్లు రోడ్డు గారూ, ఒక విషయం ముందే తెలిసి ఉంటే మంచిది. మన బ్రాడ్ గేజ్ 1676 ఎంఎం, 87తో భాగిస్తే 19 ఎంఎం దాటుతుంది. హెచ్‌ఓ పట్టా 16.5 ఎంఎం, అది విదేశాల్లో ఎక్కువగా ఉండే 1435 ఎంఎం గేజ్‌ను బట్టి పెట్టిన కొలత. మన రైలు బొమ్మ దాని మీద పెడితే కింద పట్టా కాస్త ఇరుకుగా కనిపిస్తుంది. మొదటి లేఅవుట్‌కు దీన్ని పట్టించుకోకండి. మీటర్ గేజ్‌కు 12 ఎంఎం పట్టా దాదాపు సరిపోతుంది, కానీ మన మీటర్ గేజ్ బండ్లు చేత్తో కట్టుకోవాల్సిందే, కొత్తవాళ్లకు వద్దు.

నేలకు మాత్రం బయట ఏమీ కొనకండి. మన చెల్క మట్టి ఎండబెట్టి, టీ జల్లెడలో రెండుసార్లు జల్లించి వాడితే ఆ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. కాకపోతే ఎర్రమట్టిలో ఇనుప రజను ఉంటుంది, ఇంజన్ మోటారులో అయస్కాంతం ఉంటుంది. రజను లోపలికి చేరిందంటే మోటారు పాడు. పాత స్పీకర్ అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి మట్టిలో కలియబెట్టండి, నల్లటి మీసాల్లా అంటుకుని వస్తుంది. కవర్ విడిగా తిరగేసి దులిపి మళ్లీ పెట్టండి, ఏమీ అంటుకోనంత వరకు. క్రషర్ డస్ట్‌ను కంకరగా వాడినా ఇదే పద్ధతి. తర్వాత ఫెవికాల్‌ను నీళ్లతో సగానికి సగం పలచన చేసి, గిన్నెల సబ్బు ద్రవం చుక్క వేసి డ్రాపర్‌తో పోయండి. ఆ చుక్క లేకపోతే నీళ్లు మట్టిలోకి ఇంకకుండా గుండ్రంగా పైనే ఆగుతాయి.

మిల్లు రోడ్డు, మిర్యాలగూడ

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. ఇంకో డౌట్. చోటు సమస్య కాబట్టి హెచ్‌ఓ కన్నా చిన్నదైన ఎన్ స్కేల్‌కు పోతే? రెండడుగుల వెడల్పులో గుండ్రం కూడా వచ్చేస్తుందని చదివాను.

పాలమూరు ప్యాసింజర్

వస్తుంది. 249 ఎంఎం వ్యాసార్ధం వంపులు దొరుకుతాయి, నాలుగు బై రెండు బల్ల చాలు, చేయీ అందుతుంది. నేను ముందే చెప్పాల్సింది ఇదే. చుట్టు చిన్నదే అయినా బండీ చిన్నదే కదా, కోచ్‌లు పొడవుగా తగిలించినా బాగుంటుంది.

లూప్ లైన్, నల్లగొండ

పెద్దవాళ్లయితే సరే అనేవాణ్ని. ఎన్ స్కేల్‌లో పట్టా 9 ఎంఎం, ఇంజన్ తేలిక. కరెంటు చక్రాల నుంచే రావాలి కాబట్టి పట్టా మీద కొంచెం దుమ్ము ఉన్నా ఆగిపోతుంది, మెల్లగా నడిపితే ఇంకా ఎక్కువ. మన దుమ్ము సంగతి మీకు చెప్పేదేముంది, పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలు పెట్టి పేరు రాయొచ్చు. తొమ్మిదేళ్ల పిల్ల ఆ సన్నటి చక్రాలను పట్టా మీద కూర్చోబెట్టడం కూడా విసుగే. హెచ్‌ఓ బరువుగా ఉంటుంది, చేతికి దొరుకుతుంది. ఏదైనా సరే, పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డతో తుడవండి. సాండ్ పేపర్ అసలు వద్దు, గీతలు పడితే మురికి వాటిలోనే చేరుతుంది. నడపనప్పుడు పైన పాత చీర కప్పండి.

మిల్లు రోడ్డు, మిర్యాలగూడ

ఇంట్లో కూడా మాట్లాడాం. హెచ్‌ఓ, పలక, గూడ్స్ షెడ్డు. పాప మాత్రం ఒక షరతు పెట్టింది, బండి గుండ్రంగా కూడా తిరగాలట. సెట్‌లో వచ్చే వంపు పట్టాలు ఎలాగూ మిగులుతాయి కదా, ఆదివారం నేల మీద పరిచి తిప్పుకుంటే ఇబ్బంది ఉందా?

పాలమూరు ప్యాసింజర్

చూశారా, నేను చెప్పింది పాపే చెప్పింది.

లూప్ లైన్, నల్లగొండ

పాప మాట న్యాయమే, ఒప్పుకుంటున్నా. కానీ నేల మీద వద్దు. తల వెంట్రుకలు, దారప్పోగులు ఇరుసులకు చుట్టుకుని గేర్లలోకి పోతాయి, వాటిని పట్టకారుతో తీయడం నరకం. దివాన్ మీద పరుపు తీసి గట్టి చెక్క మీద పరవండి, లేదా డైనింగ్ టేబుల్ మీద.

రందా, దేవరకొండ

టేబుల్ మీద పెడితే అంచు చుట్టూ అంగుళం ఎత్తు బద్దె క్లాంపులతో బిగించండి, ఇంజన్ కింద పడితే బాగుచేసే మిస్త్రీ మన జిల్లాలో దొరకడు. పలక కొలత ఐదడుగుల మీద కొంచెం కాదు, ఆరు అడుగులు కోయించండి. షీటు ఎనిమిది అడుగులు వస్తుంది, మిగిలిన రెండడుగుల ముక్క పారేయొద్దు, ఎప్పుడైనా ఒక కొసకు బోల్టులతో తగిలించుకోవచ్చు.

పాలమూరు ప్యాసింజర్

సరే, పలకే కట్టండి. కానీ నా మాట నేను వదులుకోలేదు. సంక్రాంతి దాకా చూసి పాప దేంతో ఎక్కువ ఆడుతోందో ఇక్కడే రాయండి, పలకతోనా, టేబుల్ మీది గుండ్రంతోనా. లూప్ లైన్ అన్నా, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.