ముట్టుకాడుకీ మా ఊరి చెరువుకీ ఒకే గాలం రాడ్డు సరిపోతుందా?

చెరువుగట్టు

ఉండేది చెన్నైలో షోలింగనల్లూరు, సొంతూరు నాయుడుపేట పక్కన. శనివారం తెల్లవారుజామున చేపల వేటకి ముట్టుకాడు, కోవళం తీరం వైపు వెళ్తుంటా. పండక్కి ఊరెళ్తే చెరువులో కొర్రమీను. ఇన్నాళ్లూ స్నేహితుడి రాడ్డుతోనే నెట్టుకొచ్చా, ఇక సొంతది కొనాలి. రెండు చోట్లకీ ఒకే సెట్టు సరిపోతుందా? షాపులో దారం చుట్టే రీలు, 12 బేరింగులది చూపించి, ఇంతకంటే మంచిది లేదంటున్నారు.

కోవళం దారి

బేరింగుల లెక్క చూసి రీలు కొనకండి. నాసిరకం బేరింగులు పన్నెండు ఉంటే ఉప్పుకు తుప్పు పట్టే చోట్లు పన్నెండు ఉన్నట్టే. నాలుగైదు మంచివి ఉంటే చాలు. బాడీ వంగకూడదు, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం జారనిచ్చే బిగింపు) కుదుపులు లేకుండా దారం వదలాలి. షాపులోనే డ్రాగ్ కొంచెం బిగించి దారం చేత్తో లాగి చూడండి. ఆగి ఆగి వస్తుంటే వద్దు. పండుగప్ప మొదటి పరుగు తీసేటప్పుడు ఆ చిన్న కుదుపుకే దారం తెగుతుంది.

మీ ప్రశ్నకు జవాబు: ముట్టుకాడు ఉప్పుటేటికీ చెరువుకీ ఒకటే చాలు. ఏడున్నర అడుగుల మీడియం హెవీ రాడ్డు, 4000 సైజు రీలు. రాడ్డు మీద లూర్ (ఉత్తుత్తి ఎర) బరువు 10–40 గ్రాములని రాసి ఉన్నది చూడండి. ఇసుకలో నిలబడి అలల అవతలికి విసరాలంటే మాత్రం ఇది చాలదు, పది అడుగులది కావాలి.

పెరంబూరు పులుసు

నేను ఒప్పుకోను. కొర్రమీనుకు అంత మెత్తని రాడ్డా? అది గాలం మింగగానే తామర తూళ్లలోకి, గుర్రపుడెక్కలోకి దూరుతుంది. అక్కడ డ్రాగ్ వదులుతూ కూర్చుంటే పులుసు పొయ్యెక్కదు. బిర్రుగా ఉన్న హెవీ రాడ్డు, 50 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిక దారం), కప్ప ఆకారపు లూర్. పట్టగానే ఒక్క ఊపులో పైకి లాగాలి.

వర్షాకాలంలో ఒకటి గుర్తుంచుకోండి. నీటి మీద ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు బంతిలా కదులుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఏది కదిలినా కోపంతో కరుస్తాయి, పట్టడం తేలికే. పట్టకండి. పెద్దవి పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకు మేత.

కోవళం దారి

తూళ్లు, గుర్రపుడెక్క ఉన్న చెరువులో మీ మాటే నిజం. కానీ ఆ కర్రతో 12 గ్రాముల లూర్ విసిరితే కాళ్ల ముందే పడుతుంది. ఆయన అడిగింది ఒకే రాడ్డు కదా.

పళవేర్కాడు బావ

చేపల పేర్లు చెప్పేటప్పుడు జాగ్రత్త బాబూ. కాసిమేడులో ‘శీలా’ అన్నారని మన శీలావతి అనుకుని గోధుమపిండి ఉండలు కలుపుకుని వెళ్లాను ఒకసారి. వాళ్లు చెప్పేది కోరపళ్ల సముద్రపు చేప, బారకుడా! ఆ పళ్లకు బ్రెయిడ్ దారం వెంట్రుకతో సమానం. దానికి కొసన వైరు ముక్క ఉండాలి. మన పండుగప్పను ఇక్కడ కొడువా అంటారు, కొర్రమీనును విరాల్ అంటారు.

బీసెంట్ నగర్ 3వ అంతస్తు

రాడ్డు గురించి అందరూ చెప్పారు, నేను నా రీలు చావు గురించి చెప్తాను. పేరు అనవసరం, మంచి రీలే. చేపల వేట నుంచి రాగానే ప్రతిసారీ కుళాయి కింద శ్రద్ధగా కడిగేవాణ్ణి. ఎనిమిది నెలలకు దారం తిప్పే రోలర్ బిగుసుకుపోయింది, హ్యాండిల్ తిప్పితే ఇసుక నూరినట్టు చప్పుడు. బాగు చేసే ఆయన విప్పి చూసి, ‘సార్, అసలు కడగలేదా?’ అన్నారు. నాకు ఒళ్లు మండింది.

తర్వాత తట్టింది. మా అపార్ట్‌మెంటు బోరు నీళ్లు ఉప్పు. బకెట్టు అడుగున తెల్లగా పేరుకుంటుంది, స్నానం చేస్తే జుట్టు చీపురవుతుంది. ఆ నీళ్లతోనే ఉప్పు కడుగుతున్నాను! సముద్రానికి దగ్గరి వీధుల్లో చాలా ఇళ్లది ఇదే కథ. ఇప్పుడు తాగే క్యాన్ నీళ్లు ఒక చెంబెడు చాలు. డ్రాగ్ పూర్తిగా బిగించి, లోపలికి నీళ్లు పోకుండా పైపైన చిలకరించి, గుడ్డతో తుడిచి, మళ్లీ డ్రాగ్ వదులు చేసి నీడలో పెడతాను. రోలర్‌కు ఒక చుక్క నూనె. బకెట్లో ముంచొద్దు, పైపు జోరుగా కొట్టొద్దు, ఉప్పును లోపలికి తోసినట్టు అవుతుంది. రాడ్డు రింగులు కూడా తుడవండి. రింగు లోపలి పింగాణీ చిట్లితే బ్రెయిడ్ అక్కడే కోసుకుపోతుంది. దూదితో రాసి చూస్తే పోగు ఇరుక్కుని దొరికిపోతుంది.

చెరువుగట్టు

బోరు నీళ్ల సంగతి కలలో కూడా అనుకోలేదు. మాదీ బోరే! డ్రాగ్ ఎంత బిగించాలో ఎలా తెలుస్తుంది? నేను చేతి అంచనాతో పెడతాను, రెండు సార్లు తెగింది.

కోవళం దారి

సామాను తూకం వేసే చిన్న స్ప్రింగ్ త్రాసు కొనండి. దారం దానికి కట్టి లాగండి, డ్రాగ్ వదిలే క్షణంలో కాటా చూడండి. దారం బలంలో పావు నుంచి మూడో వంతు మధ్య ఉంటే మంచిది. 20 పౌండ్ల దారం అంటే సుమారు తొమ్మిది కిలోలు, డ్రాగ్ రెండుంపావు నుంచి మూడు కిలోలు. ముడి పడిన చోట బలం తగ్గుతుంది కదా, అందుకే అంత తక్కువ.

రీలులో దారం చుట్టుకునే స్పూల్ నిండా ఎక్కించకండి. అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుగా కొట్టేటప్పుడు నిండు స్పూల్ నుంచి దారం గుత్తుగా ఊడొచ్చి చిక్కు పడుతుంది. విసిరాక దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే తీగను, అంటే బెయిల్‌ను చేత్తోనే మూయండి. బ్రెయిడ్ కింద పది చుట్లు మామూలు నైలాన్ వేయండి, లేకపోతే మొత్తం దారం స్పూల్ మీద గిర్రున జారుతుంది.

పెరంబూరు పులుసు

వంతెన పిల్లర్ల దగ్గర నిలబడి చేపను పైకెత్తేటప్పుడు రాడ్డును నిట్టనిలువుగా వెనక్కి వంచకండి. కొస పుల్లలా విరుగుతుంది. నాది విరిగింది, అదీ అరకిలో చేపకి. వల తీసుకెళ్లండి. కరెంటు తీగల కింద, ఉరుముల వేళ కార్బన్ రాడ్డు ఎత్తకండి, కరెంటు దాని గుండా పోతుంది.

చెరువుగట్టు

అందరి మాటలూ కలిపి కొన్నాను. ఏడున్నర అడుగుల మీడియం హెవీ, రెండు ముక్కలది, బైకు మీద వీపుకు తగిలించుకోవచ్చు. 4000 రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్. అదనపు స్పూల్ ఒకటి తీసుకున్నా, ఊరికి వెళ్లేటప్పుడు 50 పౌండ్లది ఎక్కిస్తా. నిన్న ముట్టుకాడులో చిన్న పార చేప ఒకటి పడింది, వదిలేశాను. ఇంటికొచ్చి క్యాన్ నీళ్లతో కడుగుతుంటే మా ఆవిడ చూసిన చూపు చెప్పలేను.

ఒక్క సందేహం. నాకు కుడి చేత్తో తిప్పడం అలవాటు, ఇది ఎడమ వైపు హ్యాండిల్‌తో వచ్చింది. మార్చి ఇమ్మని షాపుకి వెళ్లాలా?

పళవేర్కాడు బావ

అక్కర్లేదు బాబూ. అవతలి వైపు మూత విప్పి, హ్యాండిల్ తీసి అటు బిగించుకో.