ఫాస్ఫో స్టాట్1 బ్యాండ్ రావడం లేదు: తప్పు యాంటీబాడీదా, ఇంటర్‌ఫెరాన్‌దా?

తిరుపతిలో ఒక ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తున్నాను. హీలా కణాలకు (ల్యాబ్‌లో పెంచే మానవ క్యాన్సర్ కణాలు) ఇంటర్‌ఫెరాన్ గామా (స్టాట్1 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలేలా చేసే సిగ్నల్ ప్రోటీన్) మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల చొప్పున 30 నిమిషాలు ఇచ్చి వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేస్తున్నాను. మొత్తం స్టాట్1 యాంటీబాడీతో 91, 84 కిలోడాల్టన్ల దగ్గర రెండు బ్యాండ్లూ చక్కగా వస్తున్నాయి. టైరోసిన్ 701 దగ్గర ఫాస్ఫేట్ తగిలిన స్టాట్1నే పట్టే ఫాస్ఫో యాంటీబాడీతో మాత్రం ఏమీ కనబడదు.

పాలపొడిలోని కేసీన్ (ఇదీ ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీనే) వల్లేమోనని 5 శాతం బీఎస్ఏతో (ఆల్బుమిన్ ప్రోటీన్) బ్లాకింగ్ చేశాను. ఫాస్ఫేట్‌ను ఊడగొట్టే ఎంజైములను ఆపే ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు అప్పటికప్పుడు కలిపాను, లైసిస్ (కణాలను పగలగొట్టడం) అంతా ఐస్ మీదే. ఫాస్ఫేట్ ఉండే పీబీఎస్ బఫర్ మాని టీబీఎస్‌టీ బఫర్ వాడాను. యాంటీబాడీ 1:1000, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాను.

అసలు అనుమానం వేరే. ఫాస్ఫో యాంటీబాడీ, ఇంటర్‌ఫెరాన్ ఒకే పార్సిల్‌లో మే ఎండల్లో వచ్చాయి, విప్పేసరికి ఐస్ ప్యాకులు కరిగిపోయాయి. రెండూ మళ్లీ కొనే బడ్జెట్ లేదు, అదే టెన్షన్.

కొత్తగా ఏదీ కొనకుండా, ఈ రెండింట్లో ఏది పాడైందో తేల్చే కంట్రోల్ ఏం పెట్టాలి?