2012 నాటి డీటీపీ సిస్టమ్, మదర్‌బోర్డు పోయిందంటున్నారు. బోర్డు మార్చాలా, కొత్తది కొనాలా?

తెనాలి డీటీపీ
మాది చిన్న డీటీపీ సెంటర్. సిస్టమ్ 2012లో అసెంబుల్ చేయించింది: ఐ3 2100 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్ 7. కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు, పదేళ్ల పెళ్లి కార్డుల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. సోమవారం నుంచి బటన్ నొక్కితే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోతోంది, మళ్లీ దానంతటదే తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. మానిటర్‌లో ఏమీ రాదు. షాపుకి తీసుకెళ్తే ఆ అబ్బాయి సైడు డోరు కూడా పూర్తిగా తీయకుండా "బోర్డు పోయింది మేడమ్, ఇలాంటి బోర్డులు ఇప్పుడు రావు, కొత్త సిస్టమ్ తీసుకోండి" అని 28 వేలకి కొటేషన్ రాసిచ్చాడు. శ్రావణం ముహూర్తాల కార్డులు చేతినిండా ఉన్నాయి, ఒకటే టెన్షన్. ఒక్క బోర్డే మార్చుకోవచ్చా? నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చు, అంతకుమించి రాదు.

పాత స్పేనర్
అక్కా, ఆగి ఆగి తిరుగుతోందంటే బోర్డే అనుకోవాల్సిన పని లేదు. ర్యామ్ అయినా కావచ్చు, ఎస్ఎంపీఎస్ (లోపల అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) అయినా కావచ్చు. ముందు ప్లగ్ పీకేయండి. ర్యామ్ తీసి బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపి, రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. తర్వాత ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల పసుపు-నలుపు వైరు గట్టిగా కూర్చుందో లేదో చూడండి. అప్పటికీ రాకపోతే తెలిసినవాళ్ల దగ్గర ఎస్ఎంపీఎస్ ఒకటి గంటసేపు అడిగి తెచ్చుకుని తగిలించండి. పచ్చ వైరు, నల్ల వైరు పిన్నుతో కలిపి ఫ్యాన్ తిరిగింది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుందనే వాళ్ల మాట నమ్మొద్దు, లోడు పడ్డాక చతికిలబడేవి బోలెడు. ఇవన్నీ అయ్యాక టార్చి వేసి ప్రాసెసర్ చుట్టూ ఉన్న చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు చూడండి. వాటి నెత్తి చదునుగా ఉండాలి.

బెజవాడ బిట్
ఇంకా 2012 సిస్టమ్ ఏంటి మేడమ్, వదిలేయండి. ఐ3 12100, హెచ్610 బోర్డు, 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ వేసుకుంటే పదేళ్లు చూడక్కర్లేదు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే సపోర్ట్ ఆపేసింది, 10కి కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11 అధికారికంగా వేయాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే. మీ ఐ3 రెండోది.

పాత స్పేనర్
తమ్ముడూ, నువ్వు చెప్పిన లెక్కలన్నీ కరెక్టే కానీ ఆవిడ కొంటున్నది గేమ్‌లు ఆడుకోవడానికి కాదు. ఆ హార్డ్ డిస్క్ తీసుకెళ్లి కొత్త బోర్డుకి తగిలిస్తే విండోస్ 7 లేవదు. కొత్తగా వేద్దామన్నా, ఆరో జనరేషన్ బోర్డుల నుంచి విండోస్ 7 డీవీడీలో యూఎస్‌బీ డ్రైవర్ ఉండదు కాబట్టి ఇన్‌స్టాలేషన్ మధ్యలో కీబోర్డు, మౌస్ రెండూ చచ్చిపోతాయి. అను, పేజ్‌మేకర్ మళ్లీ మొదటి నుంచి సెట్ చేసుకుంటూ కూర్చుంటే ముహూర్తాలు దాటిపోతాయి.

తెనాలి డీటీపీ
రబ్బరు, స్లాటు అన్నీ చేశా, రాలేదు. పక్క జిరాక్స్ షాపు వాళ్ల ఎస్ఎంపీఎస్ పెట్టినా అంతే. కెపాసిటర్లు చూస్తే మూడింటి నెత్తి పూరీలా పొంగింది, ఒకదాని పైన గోధుమ రంగు జిగురులాంటిది కారి ఎండిపోయింది. ఫోటో తీశా కానీ అప్‌లోడ్ అవ్వట్లేదు.

పాత స్పేనర్
అయితే బోర్డే. ఆ అబ్బాయి చూడకుండా చెప్పినా నిజమే చెప్పాడన్నమాట 😄 బోర్డులు రావనడం మాత్రం తప్పు. మీ ప్రాసెసర్ కూర్చునే 1155 సాకెట్ ఉన్న హెచ్61 బోర్డులు చిన్న బ్రాండ్లవి కొత్తవి ఇప్పటికీ అమ్ముతున్నారు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగి చూడండి. సెకండ్ హ్యాండ్ కొంటే సాకెట్ లోపలి పిన్నులు దీపం పెట్టి చూసి కొనండి. వీటిలో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డుకే ఉంటాయి, ఒక్కటి వంగినా అంతే. మీ ర్యామ్, ప్రాసెసర్, కూలర్ అన్నీ అందులోకి వస్తాయి.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. ఈ కొత్త హెచ్61 బోర్డులు పాతవాటి కంటే వెడల్పు తక్కువగా ఉంటాయి. క్యాబినెట్‌లో పాత బోర్డు కింద ఉన్న ఇత్తడి కాళ్లలో ఒకటో రెండో కొత్త బోర్డు రంధ్రాలకి అందవు. వాటిని విప్పేయాలి, లేకపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఒక కస్టమర్ బోర్డు అలాగే కాల్చా, మా ఓనర్ నెల జీతంలో పట్టుకున్నాడు.

బూట్ బాబాయ్
నాదొక మాట. బోర్డు పోతే బోర్డు దొరుకుతుంది, ఆ హార్డ్ డిస్క్ కూడా 2012దే కదమ్మా! ముందు అది తీసి, సాటా-యూఎస్‌బీ వైరుతో వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైళ్లన్నీ కాపీ తీసుకో. తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకో.

బోర్డు మార్చాక విండోస్ లోగో దగ్గర నీలం తెర వచ్చి చివర 7బీ అని కనిపిస్తే కంగారుపడి ఫార్మాట్ కొట్టించకు. బయోస్‌లో (ఆన్ చేయగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్, అంటే హార్డ్ డిస్క్‌ని బోర్డు చదివే పద్ధతి, ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈకి మార్చి చూడు. ఆ రోజుల్లో చాలామంది ఐడీఈ మోడ్‌లోనే విండోస్ వేసేవాళ్లు. కొత్త బోర్డుకి నెట్ వచ్చేలా చేసే లాన్ డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో, లేకపోతే నెట్ రాదు, నెట్ లేక డ్రైవర్ రాదు. ఆ తర్వాత కూడా ఆ విండోస్ 7ని నెట్‌కి దూరంగా ఉంచి కార్డులకే వాడుకుంటే మంచిది.

తెనాలి డీటీపీ
అప్‌డేట్. ముందు బాబాయ్ గారు చెప్పినట్టు ఫైళ్లు కాపీ తీశా, నాలుగు గంటలు పట్టింది. గుంటూరులో కొత్త హెచ్61 బోర్డు 2,900కి దొరికింది. ఇత్తడి కాళ్లు నిజంగానే రెండు మిగిలాయి, విప్పేశా. ప్రాసెసర్ మీద పేస్టు కందిగింజంత పెట్టి కూలర్ నాలుగు కాళ్లూ నొక్కుతుంటే టక్కుమన్న ప్రతిసారీ బోర్డు విరిగిందనుకున్నా, నాలుగోది కూర్చునేసరికి చెమటలు పట్టాయి. నీలం తెర కూడా వచ్చింది, ఐడీఈకి మార్చగానే పాత డెస్క్‌టాప్, వినాయకుడి వాల్‌పేపర్‌తో సహా అలాగే వచ్చేసింది! కార్డు ఒకటి ప్రింట్ కూడా తీశా.

ముందువైపు పవర్ లైటు మాత్రం వెలగట్లేదు.

పాత స్పేనర్
ఆ చిన్న కనెక్టర్ తిరగేసి పెట్టండి అక్కా, ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది.

తెనాలి డీటీపీ
మళ్లీ డోరు తీసే ఓపిక లేదు. కార్డులయ్యాక చూస్తా.