దుఃఖంలో ఉన్న అమ్మకు ఏ కీర్తనలు, ఏ వాక్యభాగాలు?

సహోదర సహోదరీలకు వందనములు. మాది అనంతపురం జిల్లాలో వేరుశనగ పండించే పల్లె. నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత, చదువు రాకపోయినా పాత కీర్తనలెన్నో కంఠతా వచ్చిన మా అమ్మ, కుటుంబ ప్రార్థనలో పల్లవి అందుకుని, రెండో చరణానికే గొంతు పూడుకుపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆగిపోతున్నారు. చేలలో పైరు పండకపోయినా దేవునియందు ఆనందిస్తానన్న బైబిలులోని హబక్కూకు గ్రంథం 3:17, 18 వచనాలు చదివినప్పుడు మాత్రం, వానలు ఎగ్గొట్టిన ఏళ్లు చూసిన మనిషి కదా, “ఇది మన ఊరి మాటే” అన్నారు. కన్నీళ్లతో విత్తేవారి గురించి చెప్పే కీర్తనల గ్రంథం 126వ అధ్యాయం, రోమా 15:13 కూడా చదివాము. వీటికి జతగా, సంతోషించమని గద్దించక, ఏడుపుకు చోటిస్తూనే నిరీక్షణ వైపు నడిపించే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు ఏవో, వీలైతే రాగతాళాల పేర్లతో సహా, దయచేసి తెలుపగలరా? మా ఇంట్లో తాళాలు తప్ప వేరే వాయిద్యం లేదు.