నెఫ్రోటిక్ సిండ్రోమ్ తిరగబెట్టింది: మళ్లీ స్టెరాయిడ్ ఇవ్వవచ్చా?

ప్రశ్న (ఒక తండ్రి, సూర్యాపేట):

మా బాబుకు నాలుగేళ్లు. ఆరేడు నెలల క్రితం ఒకరోజు నిద్ర లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి ఉంది. దోమ కుట్టిందేమో అనుకున్నాం. దగ్గర్లో చూపిస్తే ఎలర్జీ అని సిరప్ రాశారు. వారం తిరిగేసరికి పొట్టకు, కాళ్లకు నీరు పట్టింది, మూత్రం పోస్తే సబ్బు నురగలా నిలిచిపోయేది. హైదరాబాదులోని పిల్లల ఆసుపత్రిలో పరీక్షలు చేసి, మూత్రంలో ప్రొటీన్ 3+ (అంటే చాలా ఎక్కువగా) ఉందని, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా పడిపోయిందని, ఇది నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే కిడ్నీ వడపోతలోంచి ప్రొటీన్ మూత్రంలోకి కారిపోయే జబ్బు అని చెప్పారు. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఆరు వారాలు రోజూ, మరో ఆరు వారాలు రోజు విడిచి రోజు వాడాం. రెండో వారానికే వాపు తీసింది. మందు ఆపిన రెండు నెలలకు జలుబు చేసింది, దాని వెనకే వాపు మళ్లీ వచ్చింది. డాక్టరుగారు అదే మందు మళ్లీ మొదలుపెట్టమన్నారు. మా అత్తగారేమో స్టెరాయిడ్‌తో కిడ్నీలు పోతాయని, తమ ఊళ్లో పసరు మందు ఇచ్చే ఆయన ఉన్నాడని పట్టుబడుతున్నారు. మొదటిసారి మందు ఇంకొన్నాళ్లు పొడిగించి ఉంటే తిరగబెట్టేది కాదా? ఇప్పుడు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాలా? మావల్ల ఏదైనా పొరపాటు జరిగిందేమోనని నా భార్య రోజూ ఏడుస్తోంది.

జవాబు (ఒక తల్లి, గుంటూరు):

అయ్యా, ముందుగా మీ ఇంట్లో ఆవిడకు చెప్పండి, ఇందులో మీ పొరపాటు ఏమీ లేదు. మా అబ్బాయికి మూడేళ్లప్పుడు మొదలై తొమ్మిదేళ్లు వచ్చేలోగా ఏడుసార్లు తిరగబెట్టింది. ఇప్పుడు వాడికి పద్నాలుగు, మందు మానేసి అయిదేళ్లు దాటింది.

మీరు రాసినదాంట్లో ఒక విషయం కనబడలేదు. ఇంట్లో మూత్రం పరీక్ష చేస్తున్నారా? వాపు కంటికి కనబడేదాకా ఆగితే అప్పటికే కొన్ని రోజులుగా ప్రొటీన్ పోతున్నట్టు లెక్క. మందుల షాపులో మూత్రం పరీక్షకు స్ట్రిప్పుల డబ్బా దొరుకుతుంది. పొద్దున లేవగానే పోసిన మూత్రంలో స్ట్రిప్పు ముంచి తీసి, డబ్బా మీద రాసినంతసేపు, మా డబ్బాకైతే ఒక నిమిషం, ఆగి, దాని మీదున్న రంగుల పట్టీతో పోల్చుకోవాలి. పసుపు పచ్చగా ఉంటే ప్రొటీన్ లేనట్టు. ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రొటీన్ ఎక్కువ, దాన్నే ట్రేస్ (లేశమాత్రం), 1+, 2+, 3+ అని వరుసగా లెక్కిస్తారు. డబ్బా మూత వెంటనే బిగించండి, తేమ తగిలితే స్ట్రిప్పులన్నీ పాడవుతాయి. వానాకాలంలో నేను ఒక డబ్బా అలాగే పారేశాను. ప్రతిరోజూ తేదీ, ఫలితం, ఇచ్చిన మందు, జ్వరం, జలుబు అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. మా డాక్టరుగారు పిల్లవాడి ముఖం కన్నా ముందు ఆ పుస్తకమే చూసేవారు.

స్టెరాయిడ్ మొదలుపెట్టాక ఆకలి విపరీతంగా ఉంటుంది. మావాడు అర్ధరాత్రి లేచి పెరుగన్నం అడిగేవాడు. బుగ్గలు ఉబ్బుతాయి, చిరాకు పెరుగుతుంది. మందు తగ్గించేకొద్దీ ఇవన్నీ సర్దుకుంటాయి. వాపు ఉన్నన్నాళ్లు ఊరగాయ, అప్పడం, వడియాలు, చిప్స్ పూర్తిగా ఆపండి. పప్పు, గుడ్డు మాత్రం మామూలుగానే పెట్టండి.

జవాబు (పిల్లల కిడ్నీ డాక్టరు, హైదరాబాదు):

ఈ జబ్బులో తిరగబెట్టడం చాలా మామూలు విషయం. స్టెరాయిడ్‌కు చక్కగా లొంగిన పిల్లల్లో సగానికి పైగా మందికి మళ్లీ వస్తుంది, ఎక్కువగా జలుబు, దగ్గు వంటి ఇన్‌ఫెక్షన్ల వెనకే వస్తుంది. దాన్ని బట్టి మందు పనిచేయలేదని గానీ, జబ్బు ముదిరిందని గానీ అనుకోనక్కరలేదు. ఒక్క మాట గుర్తుంచుకోండి. జలుబులో 1+ లేదా 2+ కనబడినంత మాత్రాన స్టెరాయిడ్ మొదలుపెట్టము, అది చాలాసార్లు జలుబుతోపాటే తగ్గిపోతుంది. వరుసగా మూడు రోజులు 3+ లేదా అంతకు మించి ఉంటేనే తిరగబెట్టిందంటాము. అప్పుడు కూడా ఇంట్లో మిగిలిన మాత్రలు సొంతంగా వేయకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి, ఎందుకంటే మోతాదు పిల్లవాడి బరువును బట్టి లెక్కకట్టాలి.

మొదటిసారి మందు పొడిగించి ఉంటే బాగుండేదా అన్నది తల్లిదండ్రులందరూ అడిగే ప్రశ్నే, ఒకప్పుడు మేమూ అలాగే నమ్మేవాళ్లం. కానీ మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో మూడు నెలల కోర్సును ఆరు నెలల కోర్సుతో పోల్చి చూసి 2015లో ప్రచురించారు. బ్రిటన్‌లో 237 మంది పిల్లల మీద ఎనిమిది వారాల కోర్సును పదహారు వారాల కోర్సుతో పోల్చిన ప్రెడ్నోస్ అధ్యయనం 2019లో వెలువడింది. కోర్సు పొడిగించినంత మాత్రాన తిరగబెట్టడం తగ్గలేదని రెండింటిలోనూ తేలింది. కాబట్టి మీ డాక్టరుగారు ఇచ్చిన పన్నెండు వారాల కోర్సు సరైనదే.

బయాప్సీ విషయానికొస్తే, మీ బాబు వయసులో, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) మామూలుగా ఉండి, మూత్రంలో రక్తం పోకుండా, స్టెరాయిడ్‌కు త్వరగా లొంగిన జబ్బుకు అది అవసరం లేదు. ఆరు వారాలు రోజూ మందు వేసినా ప్రొటీన్ పోతూనే ఉంటే అప్పుడు ఆలోచిస్తాము. పదే పదే తిరగబెట్టే పిల్లలకు లెవమిసోల్, మైకోఫినోలేట్ వంటి వేరే మందులున్నాయి. అంతదాకా వస్తే చూసుకోవచ్చు, ఇప్పుడే కంగారు పడకండి.

స్టెరాయిడ్ కిడ్నీని పాడు చేయదు. బీపీ, బరువు, ఎదుగుదల, కళ్లు, ఎముకల మీద దాని ప్రభావం ఉంటుంది కాబట్టే వాటిని గమనిస్తూ ఉంటాము. నిజానికి భయపడవలసింది పసరుకు, భస్మాలకు. పాదరసం కలిసిన నాటు మందులు వాడినవారిలో కిడ్నీలోని వడపోత జల్లెడ దెబ్బతిని ప్రొటీన్ పోవడాన్ని వెల్లూరు సీఎంసీ వైద్యులు గుర్తించి ప్రచురించారు. అత్తగారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి.

మూత్రపిండంలోని వడపోత జల్లెడకు నెఫ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. ఈ జబ్బులో దానికి వ్యతిరేకంగా శరీరమే యాంటీబాడీలు తయారు చేసుకుంటోందని, రోగనిరోధక శక్తిని అణిచే మందులు (స్టెరాయిడ్ కూడా అలాంటిదే) ఇంకా మొదలుపెట్టని పిల్లల్లో దాదాపు 90 శాతం మందిలో అవి కనిపించాయని 2024లో యూరప్ పరిశోధకులు ప్రకటించారు. మీ బాబు చికిత్సను ఇది ఇవాళ మార్చదు గానీ, స్టెరాయిడ్ ఎందుకు పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

జ్వరంతోపాటు కడుపునొప్పి, వాంతులు, మూత్రం తగ్గిపోవడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. మందు హఠాత్తుగా ఆపకండి.

జవాబు (ఒక టీచరు, ఖమ్మం):

మా పాప స్టెరాయిడ్ మీద ఉండగా పక్క బెంచీ పిల్లకు ఆటలమ్మ పోసింది. వేపాకులు కట్టుకుని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు డాక్టరుకు చెప్పాం, అదే మంచిదయింది. బడిలో ముందే చెప్పి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరుగారు చెప్పినట్టే మందు మొదలుపెట్టాం, ఈ రోజు ఏడోది. అత్తగారు పసరు మాట ఎత్తడం మానేశారు గానీ ఊరగాయ విషయంలో మాత్రం ఇంకా రాజీపడలేదు. పొద్దున స్ట్రిప్పు రంగు చూసి నేను ట్రేస్ అన్నాను, నా భార్య 1+ అంటోంది. పుస్తకంలో ఏది రాయాలి?

జవాబు (గుంటూరు తల్లి):

ట్యూబ్‌లైటు కింద చూడకండి, కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి పగటి వెలుగులో చూడండి. అప్పటికీ తేలకపోతే 1+ అనే రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. రేపు పొద్దున స్ట్రిప్పుతో తెలిసిపోతుంది.