న్యూ ఫారెస్ట్‌లో గ్రావెల్ బైకులు: గుర్తు పెట్టిన దారులకే కట్టడి చేయాలా?

కంకరబాట:
ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న న్యూ ఫారెస్ట్‌ అడవిలో వారాంతాల్లో గ్రావెల్ బైకులు, అంటే కంకర దారుల కోసం చేసిన సైకిళ్ళు, తొక్కేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా, సూటిగా అడుగుతున్నా. అక్కడి క్రౌన్ భూముల్లో (ప్రభుత్వ అధీనంలోని అడవిలో) సైకిల్‌కి అనుమతి ఉన్నది గుర్తు పెట్టిన దారుల్లోనే. అన్నీ కలిపితే 100 మైళ్ళ పైచిలుకు, అంటే 160 కిలోమీటర్లు దాటుతుంది. వినడానికి బాగానే ఉంది. కానీ నంబరు వేసిన కొయ్య గుంజ ఉన్న ఏదో ఒక కూడలిలో ఆగి చూడండి. ఎడమ దారీ కుడి దారీ ఒకటే కంకర, ఒకటే వెడల్పు, రెండూ కలప లారీలు తిరగడానికి వేసినవే. ఒకదాంట్లోకి వెళ్తే సరే, రెండోదాంట్లోకి వెళ్తే తప్పు. నడిచేవాళ్ళకు ఈ బాధ లేదు. గుర్రాల మీద తిరిగేవాళ్ళకూ దాదాపు లేదు. అర టన్ను గుర్రానికి లేని అభ్యంతరం పది కిలోల సైకిల్‌కి ఎందుకు? కంకర వేసిన ప్రతి అడవి దారినీ సైకిళ్ళకు తెరవాలన్నది నా వాదన. పొదల మధ్య కాలిబాటల్లోకి దూరతామని నేను అడగట్లేదు.

పిట్టకన్ను:
అడగరు సరే, తెరిచాక ఎవరు ఆగుతారు?

హీత్‌ని, అంటే పొట్టి హీథర్ పొదలు పరుచుకున్న నేలని, చూసి ఖాళీ బీడు అనుకునేవాళ్ళే ఎక్కువ. బ్రిటన్‌లో 1800 నాటికి ఉన్న మైదాన హీత్‌లో ఇప్పుడు మిగిలింది ఆరో వంతే. ఆ మిగిలిన దాంట్లోనే నైట్‌జార్లు, వుడ్‌లార్కులు, డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్లు అనే పక్షులు బతకాలి. నైట్‌జార్ గూడంటూ కట్టదు. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆఫ్రికా నుంచి వచ్చి, హీథర్ మొక్కల మధ్య కాస్త నేల కనిపించిన చోట రెండు గుడ్లు పెట్టి వాటి మీద కూర్చుంటుంది. ఎండిన బెరడు ముక్క పడి ఉందనుకుంటాం, అంతగా కలిసిపోతుంది. మనిషి దాదాపు మీదికి వచ్చేదాకా కదలదు. కదిలిందంటే గుడ్లు బయటపడ్డట్టే, ఇక కాకి చూసుకుంటుంది. గుర్తు పెట్టిన దారి ఒక్కటే ఉంటే జనం ఎక్కడ తిరుగుతారో పక్షికీ తెలుస్తుంది, దూరంగా పెడుతుంది. దారులు పెరిగేకొద్దీ మధ్యలో మిగిలే నిశ్శబ్దం ముక్కలవుతుంది. కంకర ఒకటేనా కాదా అన్నది పక్షికి అనవసరం.

వంపుహ్యాండిల్:
పిట్టకన్ను గారూ, కుక్కల సంగతి కూడా చెప్పండి. గొలుసు విప్పేసిన కుక్క దారి పట్టుకుని పోదు, పొదల్లో వాసన చూసుకుంటూ పోతుంది. మేం టైరు కింద కంకర ఉన్నంతవరకే పోతాం. 40 మిల్లీమీటర్ల టైరుతో హీథర్ పొదల్లోకి దూరితే ఏమవుతుందో దూరినవాడికి తెలుసు. గోర్స్ అనే ముళ్ళపొద ముల్లు ట్యూబ్‌లెస్ టైరుని కూడా వదలదు, లోపల చిల్లులు పూడ్చడానికి పోసిన సీలెంట్ బుసబుసమంటూ బయటికొస్తుంది.

పిట్టకన్ను:
కుక్కల విషయంలో మీతో నాకు గొడవ లేదు. గూళ్ళ కాలంలో వాటిని దారి మీదే ఉంచమని అక్కడ అడుగుతూనే ఉంటారు, చాలామంది వినరు. ఒకరు వినట్లేదు కాబట్టి ఇంకొకరికి తలుపు తీద్దాం అంటేనే నాకు మింగుడుపడదు.

డెక్కలచప్పుడు:
నేను గుర్రపు స్వారీ చేస్తాను, సైకిలూ తొక్కుతాను. కాబట్టి ఇద్దరి తిట్లూ నాకే. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా వెనక మాత్రం కనిపించదు. అక్కడి నుంచి సైకిల్ చప్పుడు లేకుండా వచ్చి ఆఖరి క్షణంలో వెనక చక్రం ఫ్రీవీల్ టకటకమని శబ్దం చేస్తే, అది ముందు దూకుతుంది, తర్వాత ఆలోచిస్తుంది. దయచేసి దూరం నుంచే మాట్లాడండి. "హలో, సైకిల్ వస్తోంది" అంటే చాలు. గంట కన్నా మనిషి గొంతు నయం.

బరువు లెక్క గురించి కూడా ఒక మాట. డెక్క నేలను గుచ్చుతుంది, నిజమే. కానీ వానాకాలంలో టైరు చేసేది గాడి. వాలు మీద ఆ గాడి కాలవవుతుంది, నీళ్ళన్నీ దాంట్లోనే పారతాయి. కంకర మీద ఈ సమస్య లేదని ఒప్పుకుంటాను. కంకర ఎక్కడ ఆగుతుందో అక్కడ ఎంతమంది ఆగుతారన్నదే నా అనుమానం.

కంకరబాట:
ఆగరు అని ముందే తీర్పు చెప్పేస్తే ఇక చర్చ దేనికి? స్కాట్లాండ్ చూడండి. 2003 భూసంస్కరణ చట్టం వచ్చాక అక్కడ సైకిల్‌కి కూడా దాదాపు అన్ని నేలల మీదా వెళ్ళే హక్కు ఉంది, బాధ్యతగా మసలుకుంటే చాలు. కొండలేమీ కరిగిపోలేదు. ఇంగ్లండ్‌లో 1968 చట్టం సైకిల్‌కి బ్రిడిల్‌వేలు (గుర్రాలు వెళ్ళే దారులు) ఇచ్చింది, నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారి ఇమ్మంటూ. 2000 చట్టం వచ్చేసరికి బీడు భూముల్లో, హీత్‌లో తిరిగే హక్కు కాలినడకకు మాత్రమే. సైకిల్‌ని అనుమానంగా చూడటం ఇక్కడ అలవాటైపోయింది.

అడవిగేదె:
స్కాట్లాండ్‌లో ఒక లోయకి రోజంతా వచ్చేంతమంది ఇక్కడి కార్ పార్కుకి టీ వేళకే వచ్చేస్తారు తమ్ముడూ. ఆ పోలిక వదిలెయ్.

అక్కడ విడిగా తిరిగే పోనీల (పొట్టి గుర్రాల) గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? అవి అడవి జంతువులు కావు. ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. కామనర్లు అంటారు, తరతరాలుగా మేపుకునే హక్కు ఉన్న కుటుంబాలు. ఆ హక్కుల్ని కాపాడటానికి వెర్డరర్లనే అధికారుల కోర్టు ఇప్పటికీ నడుస్తోంది. పోనీలు, ఆవులు మేయకపోతే కొన్నేళ్ళలో ఆ హీత్ అంతా బర్చ్, పైన్ మొక్కలతో మూసుకుపోతుంది. మనం చూసి మురిసిపోయే ఆ ఊదారంగు విశాలం మనుషులు చెట్లు కొట్టి, పశువులు మేపి తయారు చేసిందే. శరదృతువులో పందుల్ని కూడా వదులుతారు, పచ్చి ఓక్ కాయలు తిని పోనీలు, ఆవులు విషమెక్కి చావకుండా అవి ముందే తినేస్తాయి. అంత పకడ్బందీగా నడిచే వ్యవహారం. సైకిళ్ళ దారులు పెంచుదామంటే కామనర్లు ముందు గుర్రుమనేది అందుకే. గుంపుగా వచ్చిన బైకులు దారి మధ్యలో నిలబడ్డ తల్లి పోనీకీ పిల్లకీ మధ్యలోంచి దూసుకుపోవడం నేను చూశాను. పిల్ల గోర్స్ పొదలోకి పడింది. వాళ్ళెవరూ వెనక్కి కూడా చూడలేదు.

పాతపట్టాలు:
ఇద్దరూ మైళ్ళ లెక్కలోనే ఇరుక్కున్నారు. ఎన్ని మైళ్ళు అన్నది కాదు, దారికీ దారికీ మధ్య అతుకులు ఎక్కడ తెగుతున్నాయన్నదే అసలు సమస్య.

ఆ అడవిలోని బర్లీ ఊరి దగ్గర పాత రైలు కట్ట మీద తొక్కినవాళ్ళకి నేను చెప్పేది అర్థమవుతుంది. 1847లో వేసిన లైను, వంకరలు చూసి జనం దాన్ని కాజిల్‌మన్ కార్క్‌స్క్రూ అన్నారు. ఆ భాగం 1964లో మూతపడింది. ఇప్పుడు హోమ్స్‌లీ వైపు ఆ కట్ట మీద హాయిగా తొక్కొచ్చు. రెండు పక్కలా హీత్ కిందికి పరుచుకుని ఉంటుంది, మనం ఎత్తులో ఉంటాం, కట్ట దిగి పక్కకి పోవాలన్న బుద్ధే పుట్టదు. చెప్పి ఆపడం కన్నా ఇలా దారే ఆపేయడం మేలు. పక్షికి ఇబ్బంది తక్కువ, పిల్లల్ని తీసుకెళ్ళినా టెన్షన్ లేదు.

ఇలాంటి మంచి ముక్కలు చాలా ఉన్నాయి, కానీ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలయ్యేలోపు కంచె లేని రోడ్డు ఎక్కాలి. 40 మైళ్ళ వేగ పరిమితి ఉంటుంది, పాటించేవాళ్ళు పాటిస్తారు. మోచేతికి అద్దం తగిలేంత దగ్గరగా ఒక వ్యాను పోయాక, పక్కనే కనిపించే గుర్తులేని కంకర దారిలోకి ఎవరైనా తిప్పేస్తారు. దాన్ని దురాశ అనలేను. ట్రాఫిక్ లేని దారులని పేరు పెట్టి, మధ్యలో ట్రాఫిక్‌లో వదిలేస్తే జరిగేది అదే. కంకరబాట గారూ, అన్నీ తెరవమని అడిగితే ఏదీ రాదు. అతుకులు అడగండి. ఆ అతుకులు కూడా హీత్ మీదుగా కాదు, ఇన్‌క్లోజర్లలోంచి, అంటే కలప కోసం కంచె వేసి పెంచే తోటల్లోంచి. బదులుగా గూళ్ళు ఎక్కువుండే హీత్‌ని కోసుకుంటూ పోయే ఒకటి రెండు దారుల్ని మార్చి నుంచి జూలై దాకా వదులుకుందాం.

వదులుకోవడం మనవాళ్ళకి కష్టమని తెలుసు. కానీ సర్రేలోని హైండ్‌హెడ్‌లో ఏం జరిగిందో చూడండి. 2011లో సొరంగం తెరిచాక, పైనున్న ఏ3 రోడ్డు ముక్కనే ఎత్తేసి హీత్‌లో కలిపేశారు. కార్లు వదులుకున్నాయి, మనం ఓ ఐదు నెలలు వదులుకోలేమా?

వంపుహ్యాండిల్:
కార్లు వదులుకోలేదన్నా, వాటికి సొరంగం ఇచ్చారు 😀

పాతపట్టాలు:
అదేగా నేనడిగేది. మనకీ అతుకు ఇస్తేనే వదులుకుందాం.

కంకరబాట:
ఋతువుని బట్టి మూయడం అయితే నాకు ఓకే. ఏడాది పొడవునా మూసి ఉంచడానికి మాత్రం పక్షుల్ని సాకుగా చూపొద్దు. నవంబరులో నైట్‌జార్ ఆఫ్రికాలో ఉంటుంది, ఆ దారి మీద నేను ఉండొచ్చు.

పిట్టకన్ను:
డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్ ఎక్కడికీ పోదు, చలికాలమంతా ఆ గోర్స్ పొదల్లోనే ఉంటుంది. అయినా గూళ్ళ కాలమే ముఖ్యమని ఒప్పుకుంటాను. కానీ పాతపట్టాలు గారి లెక్కలో ఒక చిక్కుంది. కలప తోటలైతే పక్షులకి పర్లేదనుకుంటున్నారు. తోటలో చెట్లు నరికేసిన జాగా ఉంటుంది చూడండి, మొద్దులు, ఎండుపుల్లలు, మధ్యలో ఉత్త నేల, నైట్‌జార్‌కి అదంటే ప్రాణం. చెట్లు ఎదిగి నీడ కమ్మేసేదాకా కొన్నేళ్ళు అక్కడే పెడుతుంది. ఆ తర్వాత ఇంకో చోట నరుకుతారు, అది అక్కడికి పోతుంది. మీ అతుకు కూడా దాన్ని బట్టి జరుగుతూ ఉండాలి.

ఇంకొకటి, జూన్‌లో పొద్దుగుంకాక పెద్ద లైట్లు పెట్టుకుని గుంపులుగా వెళ్ళొద్దు. నైట్‌జార్ మేతకి లేచే వేళ అదే.

పాతపట్టాలు:
జరగనివ్వండి. అక్కడ కూడళ్ళలో ఉన్నవి నంబరు గుంజలేగా, పీకి ఇంకోచోట పాతొచ్చు. తోటల్లో కంకర ఎలాగూ లారీల కోసం ఉంది.

అడవిగేదె:
గుంజ పీకుతారు సరే, యాప్‌లో గీత ఎవరు పీకుతారు? ఎవడో ఒకడు తొక్కి ఎక్కించిన రూట్ ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. వెనకొచ్చేవాడు గుంజ చూడడు, ఫోన్ చూస్తాడు.

డెక్కలచప్పుడు:
చూశాను, ఇప్పుడే. మన గ్రూపులోనే పోయిన నెల పంచుకున్న బర్లీ రూట్‌లో రెండు ముక్కలు అనుమతి లేనివి. మోడరేటర్ గారూ, ముందు అది తీసేయండి.